అద్దాల గదిలో అడ్డొచ్చిన మనిషి

నేను ఒక కళ్ళజోడును. పుట్టినప్పుడే దండగ అనిపించుకున్నదాన్ని. ఏ వస్తువైనా కొన్నాళ్ళు వాడాక పనికిరాకుండా పోతుంది. నేను తయారయ్యేనాటికే పనికిరాను. ఆ సంగతి నన్ను చేయించుకున్నాయనకి తెలుసు, ఆయన డాక్టరుకి తెలుసు, నాకూ తెలుసు. తెలియనిది ఆయన భార్య ఒక్కర్తికే.

చీరాల గడియారస్తంభం దగ్గర మస్తాన్‌గారి కళ్ళద్దాల కొట్లో నన్ను అరగదీసి, గోధుమరంగు ఫ్రేములో బిగించారు. "మాస్టారూ, ఈ జోడుతో చీమ కాళ్ళు కూడా కనబడతాయి సార్!" అని మస్తాన్ గొప్పలు పోయాడు. శరభయ్య మాస్టారు నన్ను పెట్టుకుని రోడ్డవతల బోర్డు వైపు చూశారు. బోర్డు మధ్యలో రెండక్షరాలు మసగ్గా ఆనాయి. అటూ ఇటూ అంతా చీకటి. "భేషుగ్గా ఉందయ్యా," అన్నారు. ఆ ముక్కు మీద కూర్చున్నాక నేను విన్న మొదటి అబద్ధం అదే.

ఆయనకి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది. ఆ పొద్దున్నే గుంటూరు డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. "పోయిన చూపు తిరిగి రాదండీ. మిగిలింది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. కళ్ళజోడు మార్చి లాభం లేదు. ఇంట్లోవాళ్ళకి చెప్పండి." మాస్టారు తలూపి, బస్సెక్కి, తిన్నగా వచ్చి నన్ను చేయించుకున్నారు. కళ్ళజోడు కోసమే వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చారు మరి! ఆ అబద్ధానికి సాక్ష్యంగా పుట్టినదాన్ని నేను. నాకు ఇంకేం మర్యాద ఉంటుంది?

ఎందుకు దాచారంటారా? ఆయన హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఏటా పదో తరగతికి వర్సెయిల్స్ సంధి పాఠం వచ్చేసరికి నల్లబల్ల మీద ఆ రాజమహల్లోని అద్దాల గదిని సుద్దముక్కతో గీసేవారట. ఇదుగో జర్మనీవాళ్ళు తలొంచుకుని సంతకం పెట్టింది ఇక్కడే, చుట్టూ ఎటు చూసినా వాళ్ళ ముఖాలే వాళ్ళకి కనిపించి ఉంటాయిరా, అని చెప్పేవారట. చూడని గదిని అంతకాలం గీసిన మనిషికి ఒక్కసారి చూడాలని ఉండదూ? ఫ్రాన్సులో ఉద్యోగం చేస్తున్న భార్య భ్రమరాంబ మేనకోడలు ఇందుమతి, వేసవిలో రండి, కారులో రాజమహళ్ళన్నీ తిప్పుతానని పిలిచింది. టిక్కెట్లు కొనేశారు. ఇప్పుడు కళ్ళ సంగతి చెబితే భ్రమరాంబ ప్రయాణం మాన్పించి ఆస్పత్రుల చుట్టూ తిప్పేస్తుంది. ఈలోగా ఉన్న కాస్త వెలుగూ ఆరిపోతుంది. స్నానాల గది అద్దం ముందు నన్ను తుడుచుకుంటూ ఆయన గొణుక్కోవడం నేను విన్నాను. "ఆ గది ఒక్కటి చూస్తే చాలు. తర్వాత చీకటైనా సరే."

ఇక్కడ ఆ దంపతుల నడక గురించి చెప్పాలి. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన ముందు, ఆవిడ వెనక. బజారుకైనా, పెళ్ళికైనా, సినిమాకైనా అంతే. ఆయన వెనక్కి తిరిగి చూసేవారు కాదు, ఆవిడ పరుగు లాంటి నడకతో అందుకునేది. ఆ ఊళ్ళో ఆ వయసువాళ్ళంతా అలాగే నడుస్తారు గనక ఎవరికీ వింతగా ఉండదు. ఆవిడ ఎప్పుడూ నోరు తెరిచి ఏమీ అనలేదు. అనకపోతే లేనట్టా?

ఇందుమతి ఉండే తులూజ్ ఊరి విమానాశ్రయంలో బయటికి వస్తూనే మాస్టారు చెయ్యి చాచి ఆవిడ కుడిచెయ్యి పట్టుకున్నారు.

"అయ్యో, ఇదేంటండీ! ఎవరన్నా చూస్తే..."

"ఇక్కడ మనల్నెరిగినవాళ్ళెవరే? రా."

ఆవిడకి సిగ్గుతో చెమటలు పట్టేశాయి. వదిలించుకోలేదు మాత్రం. నేను ముక్కు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నాను. ఎదురుగా మెట్లున్నాయి, ఆయనకి కనబడలేదు. ఆవిడ అడుగు కిందికి దిగినప్పుడు ఆ చెయ్యి కాస్త కిందికి వాలింది, ఆయన కూడా అడుగు దించారు. అంతే ఆ పట్టు వెనక సంగతి. తల్లీ, ఇది ప్రేమ కాదు, ఇవి మెట్లు అని అరుద్దామంటే నాకు నోరేదీ?

ఆ సాయంత్రమే భ్రమరాంబ చెల్లెలికి ఫోన్ చేసింది. "ఒసేయ్, మీ బావ నా చెయ్యి పట్టుకుని నడుస్తున్నారే! ఈ వయసులో ఈయనకేం బుద్ధి పుట్టిందో!" మాట విసుగ్గానే ఉంది, ముఖం మాత్రం వెలిగిపోతోంది. మర్నాడు కారెక్కే ముందు కుడిచేతి గాజులు చాలావరకు తీసి ఎడమచేతికి వేసుకుంది. ఆయన వేళ్ళకి గుచ్చుకుంటున్నాయేమోనని! అది చూశాక నా గాజు పగిలిపోతే బాగుండుననిపించింది.

ఇక దారి పొడుగునా అదే తంతు. ఇందుమతి కారు నడుపుతుంది. పొద్దుతిరుగుడు చేలు, రాతి ఊళ్ళు, మధ్యమధ్యన ఒక మహలు. నది మీద వంతెనలా కట్టిన మహల్లో మాస్టారు ఎక్కడ ఏముందో పుస్తకాల్లో చదివిన జ్ఞాపకంతో చెప్పేస్తుంటే, చూసి చెబుతున్నారనే వాళ్ళిద్దరూ అనుకున్నారు. షాంబోర్ అనే చోట ఒక చిత్రమైన మెట్లదారి ఉంది. ఒకదాన్నొకటి మెలికలా చుట్టుకున్న రెండు వరసలు. ఒక వరసలో ఎక్కేవాళ్ళు, రెండో వరసలో దిగేవాళ్ళకి ఎదురుపడరు.

"మావయ్యా, మీరిటు ఎక్కండి, అత్త అటు ఎక్కుతుంది. పైన కలుసుకుందురుగాని, భలే సరదాగా ఉంటుంది!" అంది ఇందుమతి.

"నేను మీ అత్తని వదిలి రాను," అన్నారు మాస్టారు. పాపం, ఉన్నమాటే అన్నారు. ఒంటరిగా ఆ మెలికల మెట్లు ఎక్కితే మెడ విరిగేది. కానీ భ్రమరాంబకి ఆ మాట ఎలా వినబడిందో ఆవిడ ముఖమే చెప్పింది. పైకి వెళ్ళేదాకా తల ఎత్తలేదు, పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు.

మనుషులు దేన్ని చూసి మురిసిపోతారో దాన్ని తరచి చూడరు. చూడటమే నా వృత్తి గనక ఈ గుడ్డితనం నాకు కడుపుమంట.

చివరికి వర్సెయిల్స్ చేరాం. అప్పటికి ఆయనకి మిగిలింది సూదిబెజ్జమంత వెలుతురు, అదీ మంచు పట్టినట్టు. జనం తిరనాళ్ళలా ఉన్నారు. అద్దాల గదిలో అడుగు పెట్టగానే ఇందుమతి ఫోటో తీస్తానంది. భ్రమరాంబ చెయ్యి వదిలి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. ఆ కాసేపట్లోనే మాస్టారు వెలుతురు వైపు నాలుగడుగులు వేసేశారు.

నన్ను నేను చూసుకోవడం నాకు కొత్త కాదు. కానీ ఆ నిలువెత్తు పాత అద్దంలో కనిపించింది వేరు. గోధుమరంగు ఫ్రేము, మందపాటి గాజులు, వాటి వెనక దేన్నీ పట్టుకోలేక తడుముకుంటున్న రెండు కళ్ళు. ఏ గది కోసం అన్ని అబద్ధాలాడి వచ్చారో ఆ గది మధ్యలో ఉన్నారు, ఆ గది ఆయనకి కనబడటం లేదు.

మాస్టారు ఆగిపోయారు. ఎదురుగా ఎవరో మనిషి. "సారీ," అని ఎడంపక్కకి తప్పుకున్నారు. ఆ మనిషీ అటే వచ్చాడు. కుడికి తప్పుకున్నారు. అతనూ అంతే. మాస్టారు మర్యాదగా నవ్వి, కాస్త వంగి, చెయ్యి చూపించి, "ప్లీజ్ సర్, యూ ఫస్ట్," అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో ఫోన్ ఎత్తి వీడియో తీశారు. "మావయ్య జోకులు చూడత్తా!" అని ఇందుమతి కూడా పకపకా నవ్వింది.

భ్రమరాంబ నవ్వలేదు. వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఈయనెవరో దారి ఇవ్వడం లేదే," అన్నారు మాస్టారు మెల్లగా. "వాళ్ళావిడ కూడా వచ్చినట్టుంది. మనవాళ్ళేనేమో, చీర కట్టుకుంది."

"ఏమండీ," అందావిడ. "అది అద్దం."

నవ్వులు ఎప్పుడు ఆగాయో తెలియదు. మాస్టారు ముందుకు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నిలువునా నీరైపోవడం అంటారే, ఆ నీరు నా గాజుల మీద నాకు తెలిసింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"చాలా రోజులైంది. చెబితే రానివ్వవని..."

ఆవిడ అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. ఏ డాక్టరన్నాడు, మందులేవి, ఇంకేం చెయ్యొచ్చు. అవేవీ అడగలేదు. "చెయ్యి పట్టుకున్నది అందుకేనా?" అంది.

మాస్టారు చాచిన చెయ్యి దించారు. "మొదట అందుకే. తర్వాత అందుకు కాదే," అన్నారు.

"ఊరుకోండి."

ఆ రెండో మాట నిజమో కాదో నాకూ తెలియదు. బయటివన్నీ చూపించడానికే నన్ను చేశారు, కళ్ళ వెనక ఏముందో నాకెలా తెలుస్తుంది? తెలిసినా ఆవిడ నమ్మే స్థితిలో లేదు. కాసేపటికి ఆయనే అడిగారు. "ఎలా ఉందే గది? చెప్పు."

"అద్దాలండీ. అన్నీ అద్దాలే. ఎటు చూసినా మనమే."

బయటికి వచ్చేదాకా ఆవిడే ఆయన చెయ్యి పట్టుకుంది, ఆస్పత్రిలో రోగిని నడిపించినట్టు. కారెక్కాక ఎడమచేతి గాజులు ఒక్కొక్కటే తీసి మళ్ళీ కుడిచేతికి వేసుకుంది. ఇందుమతి అద్దంలోంచి చూసి, ఏడుస్తూ కారు నడిపింది.

చీరాల వచ్చాక ఆ సూదిబెజ్జం కూడా మూసుకుపోయింది. ఇప్పుడు ఇద్దరూ వీధిలో చెయ్యి చెయ్యి పట్టుకునే నడుస్తారు. ఆవిడ ముందు, ఆయన అరడుగు వెనక. చూసినవాళ్ళు అయ్యో అంటారు. నన్ను బీరువా సొరుగులో పడేశారు, వర్సెయిల్స్‌లో ఇందుమతి కొనిచ్చిన తాళాల గొలుసు పక్కన.

మొన్న ఒక మధ్యాహ్నం భ్రమరాంబ సొరుగు తీసి నన్ను పెట్టుకుంది. కిటికీ దగ్గర కూర్చుని తన కుడిచెయ్యి ముఖానికి ఎదురుగా పెట్టుకుని చూసింది. దగ్గరికి జరిపింది, దూరం జరిపింది. ఆయన నంబరు గాజులు నావి. ఆవిడ కళ్ళకి ఆ చెయ్యి ఒక మసక ముద్ద, అంతే. నువ్వు వెతుకుతున్నది నా దగ్గర లేదు తల్లీ అని చెబుదామనుకున్నాను.

"భ్రమరాంబా, ఎక్కడున్నావే?" అని వసారాలోంచి పిలుపు వినబడింది.

నన్ను తీసి తడి తుడిచి సొరుగులో పెట్టింది. "వస్తున్నానండీ," అంటూ, ఆయన ఇంకా అంత దూరంలో ఉండగానే, చెయ్యి చాచుకుని వెళ్ళింది.