ముందే చెప్పిన సాక్ష్యం

తడి మట్టిలో మడమ.

మడమ తర్వాత వేళ్ళు. ఆ వేళ్ళు లేచేలోగా… రెండో మడమ.

ఏలూరు కాలువ గట్టు మీద మంచు ఇంకా విడలేదు. నీటి అంచున ఒక కొంగ — కాలు ఎత్తింది, ఆలోచించింది, దించింది. దానికి ఎవరూ నేర్పలేదు.

స్టెల్లాకు నేర్పాల్సి వచ్చింది.

నడక పందెం. పరుగు కాదు, నడకే. ఎంత వేగంగా పోయినా ఒక పాదం నేలను అంటుకునే ఉండాలి. రెండూ ఒక్కసారి గాల్లోకి లేచాయా — ఎర్ర కార్డు. మూడు కార్డులైతే ఇంటికే.

ఈ సంగతి గుణదల మొత్తానికీ వివరించడం కుదరదు. పాలక్యాన్ల వెంకటప్పయ్య రోజూ పక్కన బండి నెమ్మది చేస్తాడు.

"అంత అవస్థపడి నడిచే బదులు పరిగెత్తరాదా అమ్మా?"

"పరిగెత్తితే ఓడిపోతానండీ."

ఆయన ఆ మాటను ఇంటికి తీసుకెళ్ళి ఆలోచిస్తాడు. మర్నాడు మళ్ళీ అదే అడుగుతాడు.

స్టెల్లా నడిచింది. ఎండలో నడిచింది, ముసురులో నడిచింది. బైబిల్లో యెరికో కోట గోడల చుట్టూ తిరిగినవాళ్ళు కూడా నడిచారే గాని పరిగెత్తలేదు కదా… గోడలు పడ్డాయి.

తొందరపడింది అమ్మ.

అమలమ్మకు దేవుడి మీద నమ్మకం ఎక్కువ, ఆగే ఓపిక తక్కువ. మేలు జరిగాక చర్చిలో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పుకోవడం వాడుక. రాష్ట్ర పోటీకి ముందు ఆదివారమే ఆవిడ మైకు అందుకుంది.

"మా స్టెల్లాకు ప్రభువు బంగారు పతకం ఇచ్చేశాడండీ. ఇక వెళ్ళి తెచ్చుకోవడమే."

చర్చి అంతా చప్పట్లు. పాస్టరు గారు కాస్త ఇబ్బందిగా, కాస్త గట్టిగా ఆమెన్ అన్నారు.

పోటీలో చివరి చుట్టు. స్టెల్లా ముందు ఎవరూ లేరు. అప్పటికే రెండు కార్డులు. చెవుల్లో మాత్రం అవే చప్పట్లు… అమ్మ మాటను నిజం చేసేయాలని కాళ్ళకు తొందర —

పాదాల కింద నేల లేదు.

మూడో కార్డు.

ఆదివారం పొద్దున అమలమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర బీరువాలోంచి తీయలేదు.

"నీకు జ్వరమని కబురు పెడతానే. ఈ వారానికి ఊరుకుందాం."

"లేని పతకం చెప్పావు. ఇప్పుడు లేని జ్వరం కూడానా అమ్మా?"

చీర స్టెల్లాయే తీసింది. ఇస్త్రీ కూడా చేసింది. అమలమ్మ ఆటో అంది. కూతురు వినలేదు. నడిచే వెళ్ళారు.

మైకు చల్లగా ఉంది.

"మా అమ్మ పతకాన్ని ముందే చూసేసింది. నేనింకా దారిలోనే ఉన్నాను. తప్పుగా నడిచానని మధ్యలో పంపించేశారు. కాళ్ళు లేపింది నేనే, దేవుడు కాదు. వచ్చే నెల ఇంకో పోటీలో మళ్ళీ నడుస్తాను. ప్రార్థన చేయండి. చప్పట్లు మాత్రం అప్పుడే వద్దండీ."



అలవాటుగా లేచిన చేతులు కొన్ని దారిలో ఆగాయి… మెల్లగా ఒకదాన్నొకటి పట్టుకుని, ప్రార్థనలో కలిశాయి.

సోమవారం. మంచు. గట్టు.

పాత దుప్పటి పరిచి అమలమ్మ బోర్లా పడుకుంది. చెంప నేలకు ఆనించి కూతురి పాదాలనే చూస్తోంది. రెండింటి కిందా ఒకేసారి వెలుగు కనపడితే చెప్పాలి — ఇప్పుడు అదే ఆవిడ పని. పతకం ఊసెత్తడం లేదు. నమ్మకం ఏమీ తగ్గలేదు. కాస్త కిందికి దిగి, నేలను ఆనుకుంది.

వెంకటప్పయ్య బండి ఆపేశాడు.

"అయ్యో, పడిపోయారా అమలమ్మగారూ?"

"లేదండీ. ప్రార్థన."

ఆయన దీన్నీ ఇంటికి తీసుకెళ్ళాడు.

స్టెల్లా వంతెన దాకా వెళ్ళి తిరిగింది. వస్తోంది…

"రెండూ లేచాయే."

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ వచ్చింది.

"ఒకటి లేచింది. ఒకటి… ఉంది. ఉందే. రా, అలాగే రా."

నీటి అంచున కొంగ కాలు ఎత్తింది. ఆలోచిస్తోంది.

తడి మట్టిలో మడమ.

మడమ తర్వాత వేళ్ళు. ఆ వేళ్ళు లేచేలోగా…