వసపిట్ట ఇంటర్వ్యూ

తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచేది హాజరు వేసేటప్పుడు మాత్రమే. మిగతా వేళల్లో ఆమె అందరికీ వసపిట్ట. నిద్రలో కూడా కబుర్లు చెబుతుందని వాళ్లమ్మే సాక్ష్యం చెప్పాక ఆ బిరుదుకు ఇక తిరుగు లేకపోయింది.

బడిలో జర్నలిజం క్లాసు మొదలుపెడుతున్నారని తెలియగానే అది తన కోసమే పెట్టారనుకుంది. పదిమందిని కలవడం, మాట్లాడటం, దానికి మార్కులు! ఇంతకన్నా ఏం కావాలి? పైగా బడి పత్రిక మూడో పేజీలో ప్రతి నెలా ఒక ఇంటర్వ్యూ వేస్తారు. దాని కింద రాసినవాళ్ల పూర్తి పేరు ఉంటుంది. పత్రికలో వసపిట్ట అని వేయరు కదా. తన అసలు పేరు, ఇంటిపేరుతో సహా, అచ్చులో చూసుకోవాలని ఆమెకు ఎంత కోరికగా ఉండేదంటే, ఆ పేరు ఎలా కనిపిస్తుందో నోటు పుస్తకం వెనక పేజీలో పాతికసార్లు రాసి చూసుకుంది.

క్లాసు చెప్పే మేడం పత్రికాఫీసులో ఇరవయ్యేళ్లు వార్తలు దిద్ది వచ్చిన మనిషి. ఆవిడ చేతిలో బెత్తం ఉండదు, స్టాప్‌వాచ్ ఉంటుంది. ఎవరు ఇంటర్వ్యూ చేసుకొచ్చినా ఆ రికార్డింగు క్లాసులో అందరికీ వినిపించి, అడిగినవాళ్లు ఎంతసేపు మాట్లాడారు, చెప్పినవాళ్లు ఎంతసేపు మాట్లాడారు అని కొలుస్తుంది.

వసపిట్ట బడి బస్సు డ్రైవరును ఇంటర్వ్యూ చేసుకొచ్చింది. పదకొండు నిమిషాలు. అందులో డ్రైవరు గొంతు వినిపించింది రెండు నిమిషాలు, అదీ ఎక్కువగా "అవునమ్మా", "నిజమేనమ్మా" అనడానికే. మధ్యలో ఒకచోట ఆయన "ఒకసారి పెద్ద వానలో బస్సు ఆగిపోతే..." అని మొదలుపెట్టాడు. వెంటనే వసపిట్ట "అయ్యో వానంటే గుర్తొచ్చింది, పోయినేడాది మా గొడుగు" అంటూ అందుకుంది. ఆ గొడుగు కథ మూడు నిమిషాలు.

మేడం వాచీ ఆపింది.

"ఇంతకీ ఆ వానలో బస్సుకేమైందమ్మా?"

వసపిట్టకు ఆ సంగతి తెలిస్తే కదా! క్లాసంతా గొల్లుమంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"నవ్వకండి, మీలో సగంమంది చేసేదీ ఇదే" అంది మేడం. "ప్రశ్న అడగండి. జవాబు అయిపోయిందనిపించాక మనసులో పది లెక్కపెట్టండి. అసలు సంగతి ఆ ఖాళీలోనే వస్తుంది. అది మీరు నింపేశారంటే ఇక రాదు." తర్వాత వసపిట్ట వైపు తిరిగింది. "నీకు ఇంకొక్క అవకాశం. వచ్చే శుక్రవారానికి పది నిమిషాల ఇంటర్వ్యూ తీసుకురా. పదికి తగ్గకూడదు. నీ గొంతు ఒక్క నిమిషం దాటకూడదు. తేలేకపోతే మూడో పేజీ వేరేవాళ్లకి."

మర్నాడు బస్సు దగ్గరికి పరుగెత్తి ఆ వాన సంగతి అడిగింది. "ఏమోనమ్మా, ఇప్పుడు గుర్తు లేదు" అని డ్రైవరు అద్దం తుడుచుకున్నాడు. చెప్పాలనిపించినప్పుడు చెప్పనివ్వకపోతే ఎవరికి మాత్రం గుర్తుంటుంది?

"మీ నాన్ననడగవే" అంది వాళ్లమ్మ.

వసపిట్ట కళ్లు తేలేసింది. నాన్న లిఫ్టు మెకానిక్కు. చేతి నిండా పని, నోటికి సెలవు. ఊ, సరే, తిన్నావా, ఈ మూడు మాటలతో ఇన్నేళ్లూ సంసారం నెట్టుకొచ్చిన మనిషి. పది నిమిషాల ఇంటర్వ్యూలో ఆయన తొమ్మిది నిమిషాలు మాట్లాడటమా! కానీ వారంలో దొరికే మనిషి ఇంకెవరూ లేరు.

ఆదివారం ఉదయం ఆయన వెంట పన్నెండంతస్తుల భవనం పైకి వెళ్లింది. లిఫ్టు మోటారు ఉండే గది అది. ఆయన మోటారు మీద చెయ్యి ఆనించి, ఉక్కుతాళ్లు కదులుతుంటే తల వంచి చప్పుడు విన్నాడు. గుడ్డతో జిడ్డు తుడుచుకుంటూ బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. ఆమె ఫోన్లో రికార్డింగు నొక్కింది.

"నాన్నా, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఏం చేస్తారు?"

"అరుస్తారు."

అంతే. వసపిట్ట నాలుక దురద పెట్టింది. ఒకటి, రెండు, మూడు... దుపట్టా కొంగు నోట్లో కుక్కుకున్నంత పని చేసింది. ఎనిమిదికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ముందు అరుస్తారు, తర్వాత తిడతారు. తలుపవతల మనిషున్నాడని నమ్మకం కలిగాక కబుర్లు చెబుతారు. ఒకావిడ నలభై నిమిషాలు వాళ్లాయన మీద ఉన్న ఫిర్యాదులన్నీ ఏకరువు పెట్టింది. తలుపు తెరిచేసరికి వాళ్లాయన నా పక్కనే ఉన్నాడు."

నవ్వు ఆపుకోవడానికి ఆమెకు చచ్చినంత పనైంది. అయినా నోరు మెదపలేదు. ఒక్కో ప్రశ్నా, ఒక్కో ఖాళీ. ఖాళీ దాటిన ప్రతిసారీ నాన్న ఇంకాస్త చెప్పాడు. తాడు అరిగితే చప్పుడులో తెలిసే తేడా గురించి, పని నేర్చుకునే రోజుల్లో లిఫ్టు అడుగున ఉండే చీకటి గుంతలోకి దిగడానికి భయపడిన సంగతి గురించి. ఈయన మా నాన్నేనా అని ఆమె ముచ్చటపడిపోయింది.

"అందరూ చెప్పేది అలా వింటూ కూర్చుంటే విసుగు రాదా నాన్నా?"

"మొదట్లో వచ్చేది. అసలు నేనే పెద్ద వాగుడుకాయని. వర్క్‌షాపులో నన్ను రేడియో అనేవాళ్లు."

వసపిట్ట మళ్లీ లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు... ఏడు.

"నీకోసం మానేశాను అమ్మడూ. మూడున్నరేళ్లొచ్చినా నీకు మాట రాలేదు."

ఫోన్లో ఎనిమిది నిమిషాల యాభై సెకన్లు నడుస్తోంది. ఇంకాస్త ఓపిక పడితే పది నిండుతుంది, మూడో పేజీ చేతికొస్తుంది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. కానీ నాన్న ఇప్పుడు చూస్తున్నది ఫోన్ వైపు కాదు, తన వైపు. ఈ మాట విలేకరికి చెబుతున్నది కాదు. ఆమె రికార్డింగు ఆపేసింది.

"తర్వాత?" అంది మెల్లగా.

"ఎంతోమంది డాక్టర్లకి చూపించాం. చివరికి ఒకావిడ, మనిద్దర్నీ కాసేపు చూసి, మీరు నోరు మూసుకోండి సార్ అంది. పిల్ల ఏదడగాలన్నా మీరే ముందు చెప్పేస్తున్నారు, అది ఎప్పుడు మాట్లాడాలి? ఒక్క మాట అడిగి, ఎంతసేపైనా ఆగండి అంది. ఆగాను. నెలన్నర ఆగాను. ఒకరోజు అరటిపండు ముక్క పెట్టి, ఇంకా కావాలా అని అడిగి కూర్చున్నా. చాలాసేపటికి 'ఇంకా' అన్నావు. నేనూ మీ అమ్మా ఏడుపొకటే తక్కువ. ఆ రోజు మొదలుపెట్టినదానివి నువ్వు మళ్లీ ఆపలేదు."

"మరి నువ్వు మళ్లీ మొదలుపెట్టలేదేం?"

ఆయన గుడ్డ మడతపెట్టాడు.

"నువ్వు చెబుతుంటే బాగుంటుంది."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కంగారుగా చేతిలో ఉన్న జిడ్డుగుడ్డే అందించాడు. దాన్ని చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత గంటసేపు ఇద్దరూ పోటీపడి మాట్లాడుకున్నారు.

శుక్రవారం క్లాసులో రికార్డింగు మోగింది. భర్త మీద ఫిర్యాదుల దగ్గర అందరూ నవ్వారు, చీకటి గుంత దగ్గర బల్లలు కూడా కిర్రుమనలేదు. రేడియో అన్న మాట తర్వాత మరో రెండు వాక్యాలు వినిపించి చటుక్కున ఆగిపోయింది.

"నీ గొంతు ముప్పై ఎనిమిది సెకన్లు" అంది మేడం. ఆ గొంతులో మెప్పు దాగలేదు. "కానీ తొమ్మిది నిమిషాలే ఉంది. మంచి చోట ఆగిపోయింది. చార్జింగ్ అయిపోయిందా?"

"లేదు మేడం, నేనే ఆపాను. చివరి ఆ మాట కూడా రాయను."

"తర్వాత ఆయనేం చెప్పారు?"

"అది మా ఇంటి సంగతి మేడం."

మేడం ఇంకేమీ అనలేదు. వసపిట్ట ముఖంలోకి చూస్తూ ఊరికే నిలబడింది. ఆ చూపు ఏమిటో క్లాసులో అందరికీ అర్థమైంది. ఆవిడ లోపల లెక్కపెడుతోంది. వెనక బల్లల వాళ్లు వేళ్లు ముడుస్తూ తామూ లెక్కపెట్టారు. ఐదు. ఏడు. తొమ్మిది. ఈ పిల్ల ఇంతసేపు ఆగడం ఎవరూ ఎరగరు. పది దాటింది. పదిహేను కూడా దాటింది. వసపిట్ట చేతులు కట్టుకుని, ఎంతో నెమ్మదిగా, మేడం వైపు చూస్తూ నిలబడే ఉంది.

మేడం వాచీ బల్ల మీద పెట్టేసింది. మూడో పేజీ నమూనా కాగితం ముందుకు లాక్కుని, కలం మూత తీసి, "నీ ఇంటిపేరు ఎలా రాస్తావమ్మా?" అని అడిగింది.