ఎండవైపు సీటు

సాయంత్రం తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజర్ ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి రుమాళ్లు, సంచులు, ఒక్కోసారి చెప్పులు కూడా లోపలికి పడేవి. ఎవరి వస్తువు ఎక్కడ పడితే ఆ సీటు వాళ్లది. మనుషులు తర్వాత తీరిగ్గా ఎక్కేవాళ్లు. తీరిగ్గా అంటే, ఒకళ్ల కాలు ఒకళ్లు తొక్కుకుంటూ.

దేవకుమారి టీచర్ మాత్రం నిజంగానే తీరిగ్గా ఎక్కేది. నాలుగో పెట్టెలో కిటికీ పక్కన ఆకుపచ్చ గళ్ల తువ్వాలు పరిచి ఉండేది. అది ఆమె భర్త బర్నబాస్‌ది. బతికున్న రోజుల్లో ఆయన ఆఫీసు నుంచి ముందుగా వచ్చి, భార్య కోసం తువ్వాలు వేసి, తను తలుపు దగ్గర నిలబడేవాడు. ఎనభై ఏడులో పోయాడు. తువ్వాలు వేయడం మాత్రం మానలేదు.

ఆమె దాన్ని రేపల్లెలో ఇంటికి తీసుకెళ్లి, ఉతికి, దండెం మీద ఆరేసేది. తెల్లారేసరికి దండెం ఖాళీ. సాయంత్రానికి తువ్వాలు మళ్లీ సీటు మీద. కొత్తవాళ్లెవరైనా కూర్చోబోతే, "బర్నబాస్ గారు వేశారండి, ఆవిడొస్తారు," అని పక్కవాళ్లే చెప్పేవాళ్లు. "అలాగా," అని వాళ్లు జరిగేవాళ్లు.

ఒకటే చిక్కు. సీటెప్పుడూ ఎండవైపే.

"ఇరవయ్యేళ్ల కాపురంలో నీడవైపు సీటు ఒక్కటి పట్టలేదు. పోయాకైనా తెలివొస్తుందనుకున్నా," అనేది దేవకుమారి, పైట ముఖానికి అడ్డం పెట్టుకుంటూ.

తెనాలిలో ఆమె పనిచేసే బళ్లోనే తెలుగు చెప్పే వేదవతి వేమూరు దాకా ఆమెతోనే వెళ్లేది. "మావాళ్లయితే పదకొండో రోజుకే అన్నీ చేసి దారి పట్టించేవాళ్లు వదినా. మీకా ఏర్పాటు లేకే అన్నయ్యగారు రైలు పట్టుకు తిరుగుతున్నారు."

"మీరు పంపినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో తెలుసా?"

"ఎక్కడో మళ్లీ పుట్టుంటారు."

"అదిగో, నీకు తెలీదు. మా ఆయన నాలుగో పెట్టెలో ఉన్నాడు."

చర్చిలో మత్తయి అయ్యగారూ నచ్చజెప్పి చూశారు. "ప్రభువునందు నిద్రించినవాళ్లు తీర్పు రోజున బూర మోగేదాకా లేవరమ్మా."

"బతికుండగానే ఆయనకి నిద్ర తక్కువండి అయ్యగారూ."

"అదీ నిజమే," అన్నారు అయ్యగారు.

తొంభై ఐదు జూన్‌లో దేవకుమారికి ప్రమోషన్ వచ్చింది. బాపట్లలో హెడ్మిస్ట్రెస్. సోమవారం మధ్యాహ్నం లోపు చేరాలి. వద్దని రాసిస్తే మళ్లీ రాదు. చేరితే ఇల్లు బాపట్లకి మారాలి, రేపల్లె రైలెక్కే పనుండదు.

"ఇరవై రెండేళ్లు సుద్దముక్కలు అరగదీశావు. ఒక తువ్వాలు కోసం ఆ కుర్చీ వదులుకుంటావా?" అంది వేదవతి.

ఆ ఒక్కసారి దేవకుమారి నవ్వలేదు. "నేను రాకపోతే ఆయన తువ్వాలు వేసి ఎదురుచూస్తాడు వేదవతీ. రోజూ."



సోమవారం పొద్దున్న, వద్దని రాసిన కాగితం చేతిసంచిలో పెట్టుకుని, దేవకుమారి తెనాలిలో దిగింది. వేదవతి వెంట నడిచింది. గేటు దగ్గర టికెట్ కలెక్టర్ శివరామయ్య అడ్డం వచ్చాడు.

"ఎటు టీచర్‌గారూ? మీవారు అవతలి ప్లాట్‌ఫారం మీద బండిలో తువ్వాలు వేశారు కదండి!"

"పొద్దున్నపూటా?"

"బాపట్ల వెళ్లే పాసింజర్లోనండి. ఇంకో ఐదు నిమిషాల్లో కదుల్తుంది."

దేవకుమారి మెట్లెక్కి అవతలికి దిగేసరికి వేదవతి రొప్పుతోంది. నాలుగో పెట్టె. కిటికీ పక్కన ఆకుపచ్చ గళ్ల తువ్వాలు.

"ఇలాంటివి బజార్లో బోలెడు. ఇంకెవరిదో అయ్యుంటుంది," అంది దేవకుమారి.

"లోపలికెళ్లి చూడు వదినా."

చూసింది. అవతల నీడవైపు బల్ల మొత్తం ఖాళీగా ఉంది. తువ్వాలు వేసిన సీటు మీద మాత్రం ఎండ ఏటవాలుగా, భగ్గుమంటూ పడుతోంది.

"ఆయనే," అంది దేవకుమారి.

కూర్చుంది. "బాపట్లకి టికెట్ నేను రాసిస్తాలెండి," అంటూ వెనకే వచ్చిన శివరామయ్య కిటికీ దగ్గర పుస్తకం తీశాడు. బండి కదిలింది. ప్లాట్‌ఫారం మీద వేదవతి చెయ్యి ఊపుతూ చిన్నదైపోయింది.

ఎండ సూటిగా కళ్లలో పడుతోంది. దేవకుమారి చేతిసంచిలోంచి ఆ కాగితం తీసి, మడత విప్పి, ముఖానికి అడ్డం పెట్టుకుంది. బాపట్ల దాకా ఆ కాగితానికి వేరే పని పడలేదు.