ఐదు ముఖాల పలక

స్తంభం చీల్చుకొని వచ్చి బాలుని మొర ఆలకించిన సింహాద్రినాథునికి ప్రణామాలు. కర్రలోనూ తానున్నానని చాటిన ఆ స్వామి దయవల్లనే ఈ కర్రముక్క నాలుగు మాటలు పలుకగలుగుతున్నది.

నేను ఒక పలకను. అక్షరాలు దిద్దే పలకను కాను. మనుషుల దుఃఖాన్ని కొలిచే పలకను. ఏటికొప్పాకలో ఒక వృద్ధుడు అంకుడు కర్రను చిత్రిక పట్టి, నా మీద లక్క రంగులతో ఐదు ముఖాలు తీర్చాడు. మొదటిది వెక్కివెక్కి ఏడుస్తుంది. చివరిది పకపకా నవ్వుతుంది. నడుమ మూడూ ఆ ఏడుపు నుంచి ఆ నవ్వుకు వేసిన మెట్లు. "ఇన్ని మొకాలెందుకు బాబూ, మనిసికి ఒకటి సాలదేటి?" అని అతడు అడిగితే, నన్ను చేయించిన డాక్టరు శశిభూషణ్ నవ్వి ఊరుకున్నాడు.

ఆయన అనకాపల్లి దగ్గర ఒక చిన్న మానసిక వైద్యశాలను నడిపేవాడు. విరాళమిచ్చే సంస్థవారు, వైద్యంతో ఎందరు బాగుపడ్డారో ప్రతి శనివారం తెలపమన్నారు. అందుకే శుక్రవారం సాయంకాలం నన్ను మంచం మంచానికీ తిప్పేవారు. రోగి తన మనసులాంటి ముఖాన్ని వేలితో చూపాలి. పాలకు గిద్ద, బియ్యానికి తవ్వ, గుండెకోతకు నేను! మానవుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఎదిగిన కూతురు జ్వరంతో పోయాక, నూకాలమ్మ అన్నం మానేసి అక్కడికి చేరింది. చేరిన మంగళవారంనాడు మొదటి లెక్కకని నన్ను చూపితే, ఆమె వేలు ఏడుపు ముఖం మీదనే నిలిచిపోయింది. శుక్రవారం వచ్చింది. లక్ష్మీదేవి పటం ముందు దీపం వెలిగించారు. "ఏమ్మా నూకాలమ్మా, ఇప్పుడు మనసెలా ఉంది?" అంటూ డాక్టరు నన్ను ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె వేలు ఏడుపు ముఖం దాకా వచ్చింది. ఆమె దీపాన్ని చూసింది, గబుక్కున నవ్వు ముఖాన్ని తాకింది.

"మందు పనిచేసింది!" అంటూ డాక్టరు ఆ శుభవార్త నర్సుకు చెప్పడానికి వెళ్ళాడు.

పక్క మంచం మీది దేముడమ్మ మూతి విరిచింది. "ఓలప్పా, కూడు ముట్టవు గానీ పెళ్ళికూతురి నవ్వు సూపించావేటే?"

"ఊరుకోవే. శుక్కురోరం దీపాలేళ ఏడుపు మొకం ముట్టుకుంటారేటి? ఇంటికాడ మొగుడున్నాడు, కొడుకున్నాడు. ఆళ్ళకి కీడు."

"అవునే సుమీ! అయితే నానూ అదే సూపిత్తాను."

నేను విన్నాను. నాకున్న ఐదు నోళ్ళలో ఆనాడు ఒక్కటీ తెరుచుకోలేదు.

ఆ పై శుక్రవారాలన్నీ ఆమె నవ్వు ముఖాన్నే తాకింది. కంచంలో అన్నాన్ని మాత్రం ఒకటి రెండు మెతుకులు కొరికి వదిలేసేది. ఒక సోమవారం మాత్రం బల్ల మీద ఉన్న నన్ను తీసుకొని, ఏడుపు ముఖాన్ని పసిబిడ్డ చెంపలా నిమిరింది. ఎవరూ చూడలేదు, అది కొలిచే రోజు కాదు గదా. పూర్తిగా బాగుపడిందని ఆమెను ఇంటికి పంపారు.

మరుసటి శుక్రవారం ఆమె భర్త ఎర్రయ్య మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వడానికి ఒంటరిగా వచ్చాడు. "ముద్ద ముట్టనేదు బాబూ. మొన్న పోయింది."

డాక్టరు నిర్ఘాంతపోయాడు. "మరి ప్రతివారం నవ్వు ముఖమే చూపింది కదయ్యా!"

"శుక్కురోరం కదా బాబూ మీరు అడిగింది," అన్నాడు ఎర్రయ్య, తప్పు తనదే అయినట్టు.

డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వెలా ఉన్నావు ఎర్రయ్యా?"

అప్పుడే దీపం వెలిగించారు. ఎర్రయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "బాగున్నాను బాబూ."

ఆ తరువాత డాక్టరు కొలిచే రోజును బుధవారానికి మార్చాడు. వార్డులోని వేళ్ళన్నీ ఏడుపు ముఖం వైపు జారాయి. మొదటిసారిగా నేను నిజం చెప్పాను. మీ వైద్యం చెడిపోయింది, ఇలాగైతే విరాళం ఆపవలసివస్తుందని సంస్థవారు రాశారు. విరాళం ఆగితే తలుపులు మూయాలి. డాక్టరు నన్ను బల్ల మీద బోర్లించాడు. శుక్రవారం సాయంకాలం నన్ను మళ్ళీ తిప్పారు. వార్డంతా నవ్వింది.

ఈ కథ విన్న మీకందరికీ ఆయురారోగ్యాలు కలుగుగాక! మీ ఇంట దుఃఖించేవారికి ఏ వారమైనా, ఏ వేళనైనా, కీడు శంకించకుండా కంటతడి పెట్టుకొనే చోటు దొరుకుగాక!