అమ్మ వక్కాకు తిత్తి

పచ్చయమ్మాళ్ నేలమీద బోర్లా పడుకుని, బీరువా కిందికి పాలగిన్నె తోసింది. చీకట్లో రెండు కళ్లు మెరిసి వెనక్కి జరిగాయి. రాత్రి పెట్టిన పాలు విరిగి అలాగే ఉన్నాయి.

"తాగు నల్లమ్మా. అలవాటైపోతాదిలే."

ఆ నల్లపిల్లి తుంబలహళ్లిలో ఉండిన ఆమె తల్లిది. పోయిన నెల తల్లి చనిపోయాక, దాన్ని వదల్లేక సిమెంటు సంచిలో వేసుకుని ధర్మపురి బస్సెక్కింది. దారి గుర్తుపట్టి తిరిగిపోకుండా పొలిమేరలో సంచిని మూడుసార్లు గిరగిరా తిప్పింది కూడా. అందరూ చేసేదే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. దీన్ని తిప్పింది మాత్రం మనుషులే. ఆనాటి నుంచి గరిటె కిందపడ్డా దానికి గుండెదడ. రాత్రంతా ఒకటే ఏడుపు.

లోడెత్తే పనికి బయల్దేరుతూ భర్త ఆంజనేయన్ అన్నాడు: "ఏమ్మే, ఈ రేయి కూడా అరిసిందంటే, తెల్లారి కారిమంగళం సంతలో ఇడ్సిపెట్టేస్తాను. సూస్కో."

కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి, తలుపుకు తాళం వేసి ఆమె కూడా పనికి పోయింది.

నల్లంపల్లి దగ్గర రోడ్డువార ఇల్లు కడుతున్నారు. ఇటుకలు దించి తలగుడ్డ సర్దుకుంటూ, తోటి కూలీ మునియక్కతో గోడు చెప్పుకుంది.

"పట్టి లాగొద్దు," అంది మునియక్క. "పిలవనూ వద్దు. మీయమ్మ కట్టిన గుడ్డ ముందర ఎయ్యి, వాసనకు వస్తాది."

"మైల గుడ్డలని అన్నీ సోపేసి ఉతికేసినానే అక్కా!"

"అయ్యో పిచ్చిదానా!"

మధ్యాహ్నమంతా ఆమెకు అదే గుబులు. తాను కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఏడాదిపాటు పుట్టింటి బస్సు ఎక్కనివ్వలేదు. మాటిమాటికీ పోతే ఇక్కడ మనసు నిలవదంది. అలవాటైపోతుందని కూడా అంది.

ఇంటికి వచ్చి బియ్యం డబ్బాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. తల్లి ఆకూవక్కా వేసుకుని నడుముకు దోపుకునే గుడ్డసంచి, ఆ వక్కాకు తిత్తి బయటికి వచ్చింది. గుడ్డలతో ఉతకకుండా అదొక్కటే దాచుకుంది. ఎవరూ లేనప్పుడు ముక్కుకు ఆనించుకుని ఏడ్చేది. మళ్లీ ఒకసారి వాసన చూసి, బీరువా ముందు పెట్టి, అటు వీపు తిప్పి చిక్కుడుకాయలు ఒలవసాగింది.

ముందు మీసాలు వచ్చాయి, తర్వాత ముక్కు. నల్లమ్మ తిత్తికి దవడ రుద్దింది, దానిమీదే ముడుచుకుని గుర్రుగుర్రుమంది. కాసేపటికి లేచి గిన్నెడు పాలూ నాకేసింది. పచ్చయమ్మాళ్‌కు ఎంత సంతోషమైందంటే, ఒలిచిన గింజలు తొక్కల్లో పారేసింది.

పొయ్యిమీద అన్నం ఉడుకుతుండగా ఆంజనేయన్ వచ్చాడు. తలుపు మూసి గడియ పెట్టి, పిల్లిని చూసి మనసారా నవ్వాడు.

"సూడు, అలవాటు పడిపోయినాది. నీ మాదిరే!"

పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఇన్నేళ్లుగా తాను కూడా ఒక బీరువా కిందే ఉన్నట్టనిపించింది. లేచి గడియ తీసి తలుపు బార్లా తెరిచింది.

"ఏమ్మే, పోతాది!"

"పోనీ మామా."

నల్లమ్మ ఒళ్లు విరుచుకుని వచ్చి, ఆమె పాదానికి ఒకసారి ఒరుసుకుంది. పరుగెత్తలేదు. గడప దాటి, వీధిని వాసన చూసుకుంటూ పోయింది. పచ్చయమ్మాళ్ కూడా ఒక కాలు గడప అవతల పెట్టింది.

"అన్నం పొంగిపోతాంది!" అన్నాడు ఆంజనేయన్.

ఆమె ఆ కాలు వెనక్కి తీసుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది.

బీరువా ముందు తిత్తి, నడిమధ్య గుంటపడి, నల్లటి వెంట్రుకలు అంటుకుని, ఇంకా వెచ్చగా ఉంది.