గిన్నెలో కుందేలు, కోటులో మంచు

ఉత్తర అమెరికాలోని ఆ ఓజిబ్వే తెగ ఊరి బడిలో పిల్లలందరికీ డెలియా నోకోనే, అంటే వాళ్ల మాటలో అమ్మమ్మే. చలికాలమంతా ప్రతి శుక్రవారం ఒకటో తరగతికి వచ్చి కథ చెప్పేది. మార్చి చివర్లో కథలో ఒక కుందేలును గిన్నెలో పడేసి, మూతపెట్టి, పొయ్యి మీదకెక్కించి, మిగతాది వచ్చే వారం అంది. ఆ వారంలోనే మంచు కరిగి కూర్చుంది.

నేల మీద మంచు లేనప్పుడు ఆ కథలు చెప్పకూడదు. చెబితే కప్పలొచ్చి పక్కలో పడుకుంటాయి. ఓజిబ్వే ఇళ్లలో చంటిపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. అయినా ఆరేళ్ల వాసేయాకు తిండి సహించలేదు. మళ్లీ మంచు పడేదాకా ఆ కుందేలు అలా ఉడుకుతూనే ఉండాలా?

ఆ పిల్లను ఆదుకున్నది సైన్సు. గురువారం టీచర్ రెనే బడి వెనక నీడలో మిగిలిన కాస్త మంచునూ ఊడ్చి మూడు బకెట్లకెత్తించింది. ఒకదానికి కాగితాలు, ఒకదానికి గడ్డి, ఒకదానికి నోకో ఇచ్చిన, బీవర్ అనే నీటిజంతువు బొచ్చుకోటు చుట్టించి, ఏది ముందు కరుగుతుందో చూడమంది. వెచ్చటి కోటులోదే ముందు పోతుందని వాసేయా పందెం కాసింది. తీరా తెల్లారి చూస్తే అదొక్కటే మిగిలింది. బయటి వేడిని బొచ్చు లోపలికి పోనివ్వదని టీచర్ చెప్పింది.

వాసేయా ఆ బకెట్‌ను తీసుకెళ్లి, శుక్రవారం కదాని వచ్చిన నోకో ముందు మైదానంలో బోర్లించింది.

"నోకో, నేల మీద మంచుంది చూడు."

నోకో ఆ కుప్ప చుట్టూ తిరిగి, కర్రతో పొడిచి చూసింది. "ఉంది. కాదనడానికి నాకు నోరు రావట్లేదు."

కానీ కథను మధ్యలో అందుకోవడం ఆవిడ వంశంలోనే లేదు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. వాసేయా మంచు మీద కోటు కప్పి, ఉందో పోయిందోనని మాటమాటకీ ఎత్తి చూసింది. టీచర్ వద్దని సైగ చేసినా ఆ చెయ్యి ఆగలేదు. కుందేలు లోపలి నుంచి మూతను నెట్టబోయేసరికి కోటు కింద తడి మాత్రమే ఉంది. నోకో కథ అక్కడే ఆపేసింది.

"బతికిందా? అదొక్కటి చెప్పు, నోకో."

"కప్పలొచ్చేది నా పక్కలోకే తల్లీ. వాటితో సర్దుకుని పడుకునే ఓపిక నాకెక్కడిది?"

అంతా తను చేతులారా చేసిందేనని వాసేయా వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని, ఆ కోటు అరువిమ్మని అడిగింది.

ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద గిన్నెకు మూతపెట్టి, కోటు చుట్టి, బొత్తాలు పెట్టేసింది. లోపలున్న కుందేలుకు వేడి తగులుతుంది, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. ఈసారి తను కూడా ఒక్కసారైనా ఎత్తి చూడలేదు. వేసవంతా వాళ్లమ్మ టీ కెటిల్లోనే సూపు కాచింది. చలి మొదలయ్యాక నోకో దుప్పట్లు కప్పుకుని తిరిగిందే గాని, కోటు సంగతి ఎత్తలేదు.

తొలి మంచు పడిన సాయంత్రం ఆవిడే వాళ్లింటికి వచ్చి, గిన్నె పక్కన నేల మీద చతికిలబడింది.

"ఇక బొత్తాలు విప్పు, తల్లీ. లోపల దాని కాళ్లు పట్టేసి ఉంటాయి."