పది మీద ఇరుక్కున్న నాబ్

పాత రేడియోల్ని పాడుచేసేది తుప్పు కాదు, మగవాళ్ళ చేతుల్లోని పట్టకార్లు. నాబ్ తిరగకపోతే చాలు, ఇంట్లో ఎవడో ఒకడు పళ్ళు బిగించి పట్టకారుతో తిప్పేస్తాడు. విరిగాక, అప్పటికే విరిగి ఉందంటూ నా షాపుకి పట్టుకొస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ వీరుల మొహాలు చూస్తున్నాను.

మా బాబాయి వాళ్ళకంటే ఒక మెట్టు పైన. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. నా పనిని 'స్క్రూడ్రైవర్ విద్య' అంటాడు. ఆయన ఇంట్లో బల్బు మార్చాలంటే మాత్రం పిన్నే స్టూలెక్కాలి.

ఆ పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, ఓ పొద్దున నాకు ఫోన్ చేసింది.

"రేడియో ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నానే. వాల్యూమ్ నాబ్ బిగుసుకుపోయింది. వచ్చి కాస్త వదులు చేసి పెట్టు. చెవులున్నవాళ్ళెవరైనా వింటారు."

"నీ చెవులకేమైంది?"

"పోయాయే, ఆర్నెల్లయింది. నాబ్ పది మీదే ఇరుక్కుంది, అంటే ఫుల్ సౌండు. అయినా నాకు గుసగుసల్లా వినిపిస్తోంది. మీ బాబాయికేమో చక్కగా వినిపిస్తుందిట. శ్రుతి తప్పితే పట్టుకోలేనిదాన్ని, పిల్లలకి ఇంకేం సంగీతం చెప్తాను? పాఠాలు మానేశాను. రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

ముప్ఫై ఏళ్ళు ఆ ముందుగదిలో పిల్లల్ని కూర్చోబెట్టి పాడించిన మనిషి. వెంటనే పనిముట్ల సంచీ భుజానేసుకున్నాను. ఫోన్లో నేనన్న ఒక్క మాట కూడా ఆమె మళ్ళీ చెప్పమని అడగలేదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. నా తెలివీ అంతంతమాత్రమే.

వెళ్ళేసరికి రేడియో ముందుగదిలో బల్ల మీద ఉంది. చెక్క పెట్టె, దంతం రంగు నాబ్‌లు. వాల్యూమ్ నాబ్ మీది గీత సూటిగా పది దగ్గర ఉంది. ముందు ప్లగ్ పీకేశాను.

బాబాయి పేపరు పక్కన పడేసి నా నెత్తి మీద నిలబడ్డాడు.

"దాన్ని ముట్టుకోకమ్మా, పుటుక్కుమంటుంది. పాత సెట్టు. లోపలంతా తుప్పు."

"చూడకుండానే తెలిసిందా బాబాయ్?"

"ఫిజిక్స్ చదివినవాడికి తెలుస్తుంది."

ఇంత చదువు పక్కన నిలబడి ఊపిరి పీలుస్తుంటే పని చేయడం కష్టమే. నాబ్ పక్కనున్న సన్నటి రంధ్రంలో స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేసి, నాబ్ వెనక బూటు లేసు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని మెల్లగా ముందుకి లాగితే చాలు. పట్టకారుతో పనే లేదు. ఈ స్క్రూ ఎందుకో తేలిగ్గా తిరిగింది, తిరిగి జారి కింద పడింది. బియ్యపు గింజంత స్క్రూ, గచ్చు మీద పడితే ఇక దొరికినట్టే.

వంటింట్లో పంపు కింద గిన్నెలు కడుగుతున్న పిన్ని అక్కణ్ణించే అంది, "ఏదో పడిందే. బీరువా వైపు దొర్లింది చూడు."

చూశాను. బీరువా కాలు పక్కనే ఉంది.

నేను బాబాయి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

లేసుతో నాబ్ లాగాను. లోపలి ఇనుపకాడకి ఒక పక్క చదునుగా ఉంటుంది. స్క్రూ ఎప్పుడూ ఆ చదును మీదే కూర్చోవాలి. ఇక్కడ స్క్రూ గాటు గుండ్రటి వైపు పడి ఉంది, అదీ కొత్తగా మెరుస్తూ. కాడ మొదట్లో జిగురు గడ్డకట్టి ఉంది. చదును ఎటు తిరిగి ఉందో చూశాను. సౌండు ఒకటి దగ్గర ఆగి ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాబాయ్, సౌండు ఒకటి మీద పెట్టి జిగురు పోశారు. నాబ్ విప్పి పది మీదకి తిప్పి మళ్ళీ బిగించారు."

"తుప్పమ్మా."

"తుప్పు స్క్రూ విప్పుతుందా? నాబ్ తిప్పుతుందా? మళ్ళీ బిగిస్తుందా? ఏ క్లాసులో చెప్పారు ఈ పాఠం?"

"అరవకు, మీ పిన్ని వింటుంది." అన్నాక నాలిక కరుచుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామంటే ఆ రేడియో, సాయంత్రమైతే ఆ పిల్లల గోల. మనిషన్నాక ప్రశాంతత ఉండొద్దూ?" అన్నాడు.

కునుకు కోసం! ఒక మనిషికి తన చెవుల మీదే నమ్మకం పోగొట్టాడు ఈ పెద్దమనిషి. పైగా డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాడు కూడా ఈయనే. పిన్ని చెవిలో పెట్టిన పువ్వు ఆర్నెల్లు వాడకుండా కాపాడుకున్నాడు.

తడి చేతులతో పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపయిందో తెలియదు. ఆమె ఆయన వైపు చూడలేదు.

"బాగవుతుందా?" అంది నాతో.

"పది నిమిషాలు."

సోల్డరింగ్ ఐరన్ కాడకి ఆనించి వేడి చేశాను. జిగురు మెత్తబడి పొరలుగా ఊడింది. ఒక చుక్క స్పిరిట్ వేసి అటూ ఇటూ తిప్పాను. కాడ వదులైంది. నాబ్ సరైన చోట పెట్టి, స్క్రూ చదును మీద బిగించి, ప్లగ్ పెట్టాను.

"నువ్వే తిప్పు పిన్నీ."

చీర కొంగుకి చేతులు తుడుచుకుని ఆమె నాబ్ పట్టుకుంది. మూడు దగ్గర ఎవరిదో వయొలిన్ గదిలోకి వచ్చింది. పిన్ని కళ్ళు మూసుకుంది. "రెండో తీగ శ్రుతి కొంచెం దిగింది," అంది. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆరు, ఎనిమిది. కిటికీ అద్దాలు అదిరాయి.

బాబాయి రెండు చెవులూ మూసుకున్నాడు. "తగ్గించవే! తల పగిలిపోతోంది!"

పిన్ని అప్పుడు మొదటిసారి ఆయన వైపు తిరిగింది.

"ఏమంటున్నారు? కాస్త గట్టిగా చెప్పండి. నాకు చెవుడు కదా," అని నాబ్‌ని పది మీదకి తిప్పింది.